భీముడికి ఎన్ని మార్కులు?

పోయిన ఆదివారం మా మేడ మీద ఓ మహాయుద్ధం జరిగింది. కత్తులు లేవు, గదలు లేవు. అయిదుగురు మనుషులం, ఒక చాప, కాసిని కాగితాలు, పాచికలు. అంతే! అయినా ఒకరికి నిజంగానే దెబ్బ తగిలింది. కొట్టింది నేనే. అందుకే ఈ వారం ఈ సంగతి.

ఆట పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తీసుకొచ్చారు. ఒకడు దర్శకుడిలా కథ నడుపుతాడు. మిగిలినవాళ్లు తలో వేషం కడతారు. వేషానికి బలం, తెలివి, వివేకం, చురుకు, దారుఢ్యం, ఆకర్షణ అని ఆరు గుణాలు. పాత పద్ధతిలో ఒక్కో గుణానికి మూడు పాచికలు వేసి, ఎంత పడితే అంత రాసుకోవాలి. అధమం 3, గరిష్ఠం 18. ఆ 18 పడటం 216లో ఒక వంతు అదృష్టం!

నాకు డిగ్రీ రోజుల నుంచీ లెక్కలంటే భయం. "అంకెలెందుకోయ్? 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావుగారు గద పట్టుకుని వస్తుంటే తెర మీద 'బలం 18' అని అక్షరాలు పడ్డాయా? అయినా మనకి తెలియలేదూ? వర్ణించుకుందాం" అన్నాను. అందరూ భేష్ అన్నారు.

ఇక చూడండి తమాషా! నా వీరుడు కొండను పిండి చేసే మొనగాడు. పక్కింటి మిత్రుడి వీరుడు పిడుగును పిడికిట్లో పట్టేవాడు. మా బాబాయి కొడుకు మాత్రం, ఇంటర్ చదివే కుర్రాడు, నెమ్మదస్తుడు, "మావాడు విలుకాడు. గురి తప్పదు" అని ఊరుకున్నాడు. గంటసేపట్లో వాడి బాణం ఒక్కటీ ఎవరికీ తగల్లేదు. వాడు వేసిన ప్రతిసారీ "గాల్లోకి ఎగిరి తప్పించుకున్నా!" అని నేనే కేక పెట్టాను. చివరికి వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అన్నయ్యా, ఇందులో గెలిచేది వీరుడు కాదు, నోరు" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. నిజమే కదా! సినిమాలో ఎవరు గెలవాలో రచయిత ముందే రాసిపెడతాడు. అక్కడ వర్ణన చాలు. ఆటలో ఎవరికి వారే రచయిత. కాబట్టి అంకె అంటే అందరూ ఒప్పుకున్న మాట. నోరున్నవాడి 16, నోరులేనివాడి 16 ఒక్కటే.

అలాగని ఒట్టి అంకె సరిపోతుందా? భారతం ఉద్యోగపర్వంలో భీష్ముడు యోధులను రథులు, అతిరథులు అని లెక్కగడుతూ, కర్ణుణ్ణి అర్ధరథుడు అనేశాడు. కవచకుండలాలు పోయాయి, పరశురాముడి శాపం ఉంది అన్నవి ఆయన చెప్పిన కారణాలు. కానీ కర్ణుడి గుండెలో గుచ్చుకున్నది ఆ 'సగం' ఒక్కటే. భీష్ముడు పడిపోయేదాకా యుద్ధానికి రానన్నాడు. ఒక్క అంకె కౌరవులకు పది రోజులపాటు ఒక మహావీరుణ్ణి లేకుండా చేసింది!

మధ్యేమార్గం లేకపోలేదు. 1984లో వచ్చిన 'మార్వెల్ సూపర్ హీరోస్' ఆటలో శక్తులకు పేర్లు పెట్టి, పేరు వెనక అంకె దాచారు. 'బలహీనం' అంటే 2, 'సామాన్యం' అంటే 6, 'అద్భుతం' అంటే 50. వినడానికి మాట, తేల్చడానికి లెక్క.

నిన్న తమ్ముణ్ణి బతిమాలి మళ్లీ కూర్చోబెట్టాను. పాచికలు వాడిచేతే వేయించాను. విలుకాడి చురుకు 15 పడింది. తర్వాత ఇరవై ముఖాల పాచిక దొర్లిస్తే బాణం సూటిగా నా మొనగాడికే తగిలింది. ఈసారి గాల్లోకి ఎగరడానికి నాకు వీల్లేదు. "ఎలా తగిలిందో నువ్వే చెప్పరా" అన్నాను. ఎప్పుడూ ముక్క మాట్లాడనివాడు వింటినారి మోగిన దగ్గర్నుంచి నా వీరుడు మోకాళ్ల మీద కూలబడేదాకా అయిదు నిమిషాలు చెప్పాడు. మేం నోళ్లు తెరుచుకుని విన్నాం.

ఓడిపోయి ఇంత సంతోషించడం నాకిదే మొదటిసారి. మరి మీ జట్టులో నోరు మెదపని విలుకాడు ఎవరైనా ఉన్నాడా? ముందు వాడి చేతికి పాచికలివ్వండి!