పూచీ పడ్డవాడి పరుగు

ఉద్యోగం ఊడింది. కారును అప్పిచ్చినవాళ్లు పట్టుకుపోయారు. ఇంట్లో సామాన్లు ఒక్కొక్కటే అమ్ముకుంటూ రోజులు నెట్టుకొస్తున్న స్టెఫనీ ప్లమ్, చివరికి బెయిలు వ్యాపారం చేసే బంధువు దగ్గర పనికి కుదురుతుంది. వాయిదాకు రాకుండా తప్పించుకు తిరిగేవాళ్లను పట్టి తేవడం ఆ పని. అమెరికా రచయిత్రి జానెట్ ఇవనోవిచ్ 1994లో రాసిన ‘వన్ ఫర్ ది మనీ’ నవల ఇలా మొదలవుతుంది. ఆ అమ్మాయి పట్టుకోవలసిన మొదటి మనిషి హత్య కేసులో ఇరుక్కున్న పోలీసు. తెచ్చి అప్పగిస్తే పదివేల డాలర్లు. తుపాకీ పట్టడం సరిగా రాదు. వెతికినవాడు ఎదురుపడ్డా చేతికి చిక్కడు. అయినా మర్నాడు పొద్దున్నే మళ్లీ బయలుదేరుతుంది. పాఠకులు ఆమెను ప్రేమించింది అందుకే.

ఇలాంటివాళ్లు మనకు కొత్త కాదు. మల్లాది వెంకటకృష్ణమూర్తి ‘చంటబ్బాయ్’ని జంధ్యాల 1986లో సినిమా తీస్తే, జేమ్స్ పాండ్‌గా చెప్పుకునే పాండురంగారావును తెలుగువాళ్లు సొంత మనిషిలా చూసుకున్నారు. 2019లో వచ్చిన మరో సినిమాలో నెల్లూరు డిటెక్టివ్ ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’నూ అంతే ఇష్టంగా ఆదరించారు. కానీ స్టెఫనీలా పారిపోయినవాళ్లను డబ్బుకోసం పట్టి తెచ్చే బౌంటీ హంటర్ మాత్రం మన కథల్లో లేడు. ఉండడానికి వీలూ లేదు. అమెరికాలో నిందితుడు పూచీ మొత్తంలో సుమారు పదోవంతు రుసుముగా కడితే బెయిలు వ్యాపారి మిగతాదానికి హామీ ఉంటాడు. పారిపోయినవాణ్ని వెంటాడి పట్టుకునే హక్కు హామీదారుకు ఉందని అక్కడి సుప్రీంకోర్టు 1872లోనే చెప్పింది. మన చట్టంలో ఆ వృత్తికి చోటు లేదు. ఇక్కడ జామీను నిలిచేది అన్నో, బావో, పక్కింటివాడో.

అయితే పారిపోయినవాణ్ని వెతుక్కునే అవస్థ మన దగ్గరా ఉంది. కోర్టు బంట్రోతు నిందితుడి పేరు మూడుసార్లు పిలుస్తాడు. పలుకు ఉండదు. వారంటు నిందితుడికి, నోటీసు జామీనుదారుకు వెళ్తాయి. పూచీ మొత్తం కట్టాలని ఉత్తర్వు వచ్చాక కట్టలేకపోతే, ఆ డబ్బు వసూలుకాకపోతే, జామీనుదారును 6 నెలల వరకు సివిల్ జైలుకు పంపే వీలు చట్టంలో ఉంది. సంకెళ్లు వేసే అధికారం అతనికి లేదు. బహుమతీ లేదు. బస్టాండ్లలో, చుట్టాల ఇళ్లలో వెతికి, దొరికితే బతిమాలి వెంటబెట్టుకుని రావాలి. మన బౌంటీ హంటర్ ఎవరంటే, పైసా ఆశించకుండా సంతకం పెట్టిన ఈ మనిషే.

ఈ జామీనుదారు కథ మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో నడిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. బొగ్గు గనుల, థర్మల్ విద్యుత్ కేంద్రపు ఊరు. పక్కనే బల్లార్‌పూర్ కాగితపు మిల్లు. పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. వార్ధా నది అవతలి రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. చైత్రమాసపు మహాకాళి జాతరకు తెలంగాణ నుంచి భక్తులు ఇప్పటికీ తరలివస్తారు. బల్లార్షాలో కాజీపేట వైపు బండి ఎక్కినవాడు కాసేపట్లో కాగజ్‌నగర్‌లో దిగుతాడు. బంధుత్వాలకు లేని సరిహద్దు కోర్టు కాగితాల దగ్గర ఎదురవుతుంది. చంద్రపూర్‌లో పొలానికి రుజువు సాత్‌బారా. కాగజ్‌నగర్ నుంచి తమ్ముడి కోసం పరుగెత్తుకొచ్చిన అన్న చేతిలో ఉండేది తెలంగాణ పట్టాదారు పాసుపుస్తకం.

సరిగ్గా ఇలాంటి చిక్కే 1978లో మోతీరామ్ కేసుగా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఒక పేద మేస్త్రీని పదివేల రూపాయల జామీను అడిగారు. సోదరుడు పూచీ పడతానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు కాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని గట్టిగా తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద అతన్ని వదిలిపెట్టమన్నారు. పక్క జిల్లా ఆస్తి పనికిరాదనడం అన్యాయమైతే పక్క రాష్ట్రపు ఆస్తి సంగతీ అంతే. పొట్టచేతబట్టుకుని సరిహద్దు దాటినవాడికి స్థానికంగా పూచీ దొరకడం ఎంత కష్టమో తెలిసిన తీర్పు అది. ప్రతి కోర్టులోనూ అది గుర్తుండాలి.

ఇంత బరువైన విషయానికి హాస్యం దేనికి అనవచ్చు. జామీను నిబంధనల గురించి వ్యాసం రాస్తే చదివేవాళ్లు కొద్దిమంది. తోడల్లుడి కోసం సంతకం పెట్టి, అతను మాయమయ్యాక సెలవు పెట్టి, ఊరూరా తిరుగుతూ, మరాఠీలో మొదలుపెట్టి తెలుగులో పోట్లాడే గని కార్మికుడి కథ అయితే ఇంటిల్లిపాదీ చదువుతారు. అతని తిప్పలకు నవ్వుతూనే, అతని ఇల్లు నిలవాలని కోరుకుంటారు. పారిపోయినవాడికీ ఒక భయం, ఒక కారణం ఉన్నాయని తెలుసుకుంటారు. దొంగను పట్టుకోవడంతో అపరాధ పరిశోధన నవల ముగుస్తుంది. మనిషిని నమ్మి సంతకం పెట్టినవాడికి ఆ నమ్మకం నిలబడితేనే కథ ముగుస్తుంది. ఇంతకంటే మంచి ఉత్కంఠ ఏ రచయితకు కావాలి?

సరిహద్దు ఊళ్లలోని తెలుగు జీవితం మన నవలల్లోకి వచ్చింది తక్కువ. చంద్రపూర్‌లో, బల్లార్షాలో పెరిగి తెలుగు రాయగల యువతీయువకులు ఈ కథను చేతికెత్తుకోవాలి. మన పత్రికలు దాన్ని సీరియల్‌గా వేయాలి. ఒకరి కోసం ఒకరు పూచీ పడే గుణం మనలో ఇంకా బతికే ఉంది. దానికొక నవ్వుల నవల రుణపడి ఉన్నాం.