పాదలేపనం చాలదు

అల్లసాని పెద్దన మనుచరిత్రలో అరుణాస్పదపురవాసి అయిన ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరును పాదాలకు పూసుకొని క్షణకాలంలో హిమాలయాలను చేరుకుంటాడు. అక్కడి దృశ్యాలకు మైమరచి తిరుగుతుండగా మంచునీటికి ఆ పసరు కాస్తా కరగిపోతుంది. ఇల్లు చేరే ఉపాయం తోచక ఆ బ్రాహ్మణుడు దిక్కులు చూస్తాడు. మనం వరూధిని రాకకై తొందరపడుతూ ఈ ఘట్టాన్ని వేగంగా దాటిపోతాం గాని, ఇది కొంచెం ఆగి ఆలోచించదగినది. నేటి విమానం మనకు పాదలేపనం వంటిది. ఉదయం శంషాబాదులో బయలుదేరినవారు ఆ రోజే శ్రీనగరు చేరుతున్నారు. మరునాటికి గుల్మార్గ్ మంచును తొక్కుతున్నారు. అయితే మంచు దగ్గరకు చేరడం వేరు, మంచు మీద మసలడం వేరు. ఈ రెండవది విద్య. దానికి గురువు కావాలి, బడి కావాలి, కొన్ని దినాల కాలం కావాలి.

తెలుగువారికి మంచు మీద మోజు తక్కువేమీ కాదు. లంబసింగిలో చలి ముదిరిందని వార్త వస్తే చాలు, తెల్లవారకముందే ఆ ఘాటు రోడ్డు వాహనాలతో నిండిపోతుంది. అటువంటివారు సకుటుంబంగా మనాలి వెళ్లినప్పుడు జరిగే తంతును నేను సొలాంగ్ లోయలో ఒకసారి ఆసాంతం గమనించాను. దారి పొడవునా ఉన్న దుకాణాలలో పొడవాటి కోట్లు, రబ్బరు బూట్లు అద్దెకు తెచ్చుకుంటారు. మంచు చేరగానే ఒక కుర్రవాడు రెండు స్కీ పలకలు తెచ్చి కాళ్లకు బిగిస్తాడు. చేయి పట్టుకొని పది గజాలు లాగుతాడు. భార్య ఫోటో తీస్తుంది. గంట గడుస్తుంది, డబ్బు చేతులు మారుతుంది. స్కీయింగ్ చేసి వచ్చామని ఊరంతా చెప్పుకోవడానికి అది చాలు. ఆ కుర్రవానిని నేను తప్పుపట్టను. గంటకు బేరమాడేవారికి గంట పాఠమే దొరుకుతుంది. తప్పల్లా అదే స్కీయింగ్ అనుకొని, మరునాడు ఒంటరిగా ఎత్తైన వాలు ఎక్కబోయే సాహసంలో ఉంది.

స్కీ అనేది నార్వే దేశపు మాట. చీల్చిన కట్టెపేడు అని దాని మూలార్థం. మంచులో కాలు దిగబడకుండా నడవడానికి ఉత్తరదేశాల ప్రజలు వేల ఏండ్ల కిందటే ఈ పేళ్లను కాళ్లకు కట్టుకున్నారు. అవసరంగా పుట్టినది తరువాత క్రీడగా మారింది. చూసేవారికి ఇది కేవలం జారడంగా కనిపిస్తుంది. నిజానికి నేర్చుకోవలసినది జారడం కాదు, ఆగడం. జారడానికి కొండవాలే సాయపడుతుంది.

మంచి శిక్షకుడు మొదటి రోజున శిష్యుణ్ణి వాలు మీదికి తీసుకుపోడు. బరువైన బూట్లతో చదునైన నేల మీద నడిపిస్తాడు. ఒక కాలికి పలక కట్టి, ఆ తరువాత రెండు కాళ్లకూ కట్టి, అడ్డంగా అడుగులు వేస్తూ చిన్న మిట్ట ఎక్కిస్తాడు. పడటం నేర్పుతాడు. పడటం కూడా నేర్పవలసిన విషయమా అని మీకు నవ్వు రావచ్చు. వాలు మీద నీళ్లకుండ ఒలికిస్తే నీరు ఏ దారిన పారుతుందో ఆ దారిని ముందుగా గుర్తించాలి. పడినవాడు తన పలకలను ఆ దారికి అడ్డంగా పెట్టుకొని లేవాలి. లేకుంటే లేవబోయిన ప్రతిసారీ జారిపోతాడు. పలకల ముందు కొసలను దగ్గరగా, వెనుక కొసలను ఎడంగా ఉంచి, లోపలి అంచులతో మంచును ఒత్తుతూ వేగాన్ని అదుపు చేసే భంగిమను స్నోప్లౌ అంటారు. మొదటి మూడు నాలుగు దినాలు ఈ ఒక్క భంగిమతోనే గడిచినా ఆశ్చర్యం లేదు. అక్షరాభ్యాసంలో ఓనమాలను ఇసుకలో దిద్దించినట్లే ఇదీను.

ఇందులో అసలు కష్టం శరీరానిది కాదు, భయానిది. వాలు చూసి భయపడిన మనిషి సహజంగా వెనక్కి వాలుతాడు. వాలగానే పలకల ముందుభాగం మీద బరువు తగ్గి అవి అతని మాట వినడం మానేస్తాయి. కనుక మోకాళ్లు వంచి, బూటు ముందుభాగానికి ముంగాలును ఆనించి, ఏ లోతును చూసి భయపడుతున్నాడో ఆ లోతువైపే ముందుకు ఒరగాలి. సహజబుద్ధి చెప్పేదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. పుస్తకం చదివి దీన్ని అలవరచుకోవడం అసాధ్యం. పక్కన నిలబడి, తప్పు జరిగిన క్షణంలోనే చెప్పే మనిషి ఒకడు ఉండాలి.

స్నోబోర్డు సంగతి మరికొంత భిన్నం. రెండు పాదాలనూ ఒకే పలకకు బంధించి, కొండకు పక్కవాటుగా నిలబడి, మడమల వైపు అంచునో వేళ్ల వైపు అంచునో మంచులోకి ఒత్తుతూ దిగాలి. దిగువవైపు అంచు మంచులో తగులుకుంటే మనిషి దభాలున పడతాడు. పడేటప్పుడు అరచేతులు నేలకు ఆనించడం మానవ స్వభావం కాబట్టి కొత్తవారికి మణికట్టు దెబ్బలు ఎక్కువ. తొలి రెండు మూడు దినాలు స్కీ కంటే స్నోబోర్డే ఎక్కువ పడగొడుతుంది. ఆ దశ దాటాక అభివృద్ధి త్వరగా కనిపిస్తుందని చాలామంది అనుభవం. ఏది ముందు నేర్వాలన్న వాదంలోకి నేను దిగను.

ఇక ఈ విద్య మన దేశంలో ఎక్కడ దొరుకుతుంది? చాలామంది స్విట్జర్లాండు పేరు చెబుతారు. అంత దూరం పోనక్కరలేదు. గుల్మార్గ్‌లో 1927లోనే ఇద్దరు బ్రిటిష్ సైనికాధికారులు స్కీ క్లబ్ ఆఫ్ ఇండియాను నెలకొల్పారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, 1948లో, భారతసైన్యం అక్కడే తన స్కీ పాఠశాలను ప్రారంభించింది. పౌరుల కోసం 1968లో కేంద్ర పర్యాటక శాఖ పక్షాన ఏర్పడిన భారతీయ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ అక్కడ శిక్షణ ఇస్తున్నది. మనాలిలో 1961లో పుట్టిన పర్వతారోహణ సంస్థ నేడు అటల్ బిహారీ వాజ్‌పేయి పేరుతో నడుస్తున్నది. దాని స్కీయింగ్ తరగతులకు సొలాంగ్ లోయే తరగతిగది. నేను పైన వర్ణించిన గంట బేరాల వేడుకకు కూతవేటు దూరంలోనే ఈ క్రమశిక్షణ సాగుతుండటం విచిత్రం. శీతాకాల క్రీడలను తన పేరులోనే చేర్చుకున్న జవహర్ సంస్థ 1983లో పహల్‌గామ్ ప్రాంతంలో మొదలైంది. ఉత్తరాఖండ్‌లోని ఔలీలో గఢ్‌వాల్ మండల్ వికాస్ నిగమ్ ఏడు దినాల, పద్నాలుగు దినాల తరగతులను నడుపుతూ వచ్చింది.

ఇవన్నీ ప్రభుత్వరంగంలోనివి. వసతి, భోజనం, పరికరాలు, శిక్షణ అన్నీ కలిపి ఒకే రుసుము వసూలు చేయడం వీటి పద్ధతి. సదుపాయాలు హోటలు స్థాయిలో ఉండవు. ఉదయం నిద్రలేపే వేళ కూడా హోటలు వేళ కాదు. అయినా నా ఓటు వీటికే. రెండు వారాల తరగతిలో ఒక్క శిక్షకుడే రోజూ మీ తప్పులను చూస్తాడు. నిన్న ఏ మలుపు దగ్గర తడబడ్డారో నేడు గుర్తుంచుకొని అడుగుతాడు. మొదటి తరగతి ముగించనిదే పై తరగతిలోకి రానివ్వరు. గంట లెక్కన నేర్పేచోట ఈ జ్ఞాపకానికి తావు లేదు. ప్రయివేటు శిక్షకులలోనూ యోగ్యులు ఉన్నారు. వారిని గుర్తించడానికి నేనొక చిన్న పరీక్ష సూచిస్తాను: పలకలు బిగించేముందు అతడు మీ బరువు అడిగాడా? బూటును పలకకు పట్టి ఉంచే బైండింగు అనే బిగింపు, మనిషి పడినప్పుడు విడిపోవాలి, నడకలో విడిపోకూడదు. దాన్ని మనిషి బరువు, ఎత్తు, వయస్సు, బూటు అడుగు పొడవు, నైపుణ్యం చూసి సవరించాలి. ఈ ప్రశ్నలేవీ అడగకుండా కాళ్లకు పలకలు తగిలించేవాడు మీ మోకాళ్లతో జూదమాడుతున్నాడని అర్థం.

ఈ ప్రాంతీయ పాఠశాలలను నేను గౌరవించడానికి మరొక కారణం ఉంది. అక్కడి శిక్షకులలో చాలామంది ఆ లోయల బిడ్డలే. ఏ గాలి వీస్తే ఏ వాలున మంచు పేరుకుంటుందో, ఏ ఎండకు ఏ పొర వదులవుతుందో వారికి బాల్యం నుంచి తెలుసు. మనాలి సమీపంలోని బురువా గ్రామానికి చెందిన ఆంచల్ ఠాకూర్ 2018 జనవరిలో టర్కీలో జరిగిన అంతర్జాతీయ పోటీలో కాంస్యపతకం గెలిచి, స్కీయింగ్‌లో మన దేశానికి తొలి అంతర్జాతీయ పతకం తెచ్చిపెట్టింది. గుల్మార్గ్ దిగువన ఉన్న టంగ్‌మర్గ్ ప్రాంతపు ఆరిఫ్ ఖాన్ తండ్రిది స్కీ పరికరాల దుకాణం. ఆ యువకుడు 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు.

స్థానికజ్ఞానం విలువ ప్రాణాపాయవేళ మరింత తెలుస్తుంది. గుల్మార్గ్‌లో 1998లో ఒకటవ దశ, 2005లో రెండవ దశ పూర్తి అయిన గొండోలా మనిషిని సుమారు 3,950 మీటర్ల ఎత్తుకు సునాయాసంగా చేరుస్తుంది. మళ్లీ పాదలేపనమే! ఆ పైన గస్తీ ఉన్న వాలులు కొన్ని. వాటికి ఆవల ఎవరి హామీ లేని వాలులు ఎన్నో. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ శిఖరం మీద మంచుచరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ దేశస్థులు మరణించారు. స్కీయింగ్ తెలిసినవారికే ఆ గతి పట్టిందంటే, కాలికి పలక కట్టుకొని రెండు రోజులైనా కానివారు గీత దాటడం ఎంతటి తెగువో ఊహించుకోవచ్చు.

ఇది ధనికుల వినోదం, మైదానప్రాంతపు పిల్లలకెందుకు అని ఆక్షేపించేవారు ఉన్నారు. పర్వతారోహణ గురించీ ఒకప్పుడు ఇదే మాట వినిపించేది. 2014 మే 25న, తెలంగాణ రాష్ట్రం ఏర్పడటానికి ఎనిమిది దినాల ముందు, నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేండ్లు నిండలేదు. భువనగిరి బండ మీద మొదలైన వారి అభ్యాసం డార్జిలింగ్‌లోని హిమాలయన్ పర్వతారోహణ సంస్థ మీదుగా సాగింది. అంటే ఆ పిల్లల వెనుక రెండు బడులు ఉన్నాయి: ఫీజు భరించిన గురుకులం ఒకటి, కొండ నేర్పిన సంస్థ మరొకటి. ఈ రెండింటినీ కలిపే వంతెనను స్కీయింగ్ విషయంలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఎందుకు కట్టకూడదు? ఏటా జిల్లాకు ఇద్దరు విద్యార్థులను గుల్మార్గ్‌కో, మనాలికో రెండు వారాలు పంపడం ప్రభుత్వాలకు మోయలేని భారం కాదు. వారందరూ ఒలింపిక్స్‌కు పోతారని నేను అనను. కశ్మీరు గురించి వార్తలలో మాత్రమే విన్న బాలుడు, తన చేయి పట్టుకొని లేపిన కశ్మీరీ గురువును జీవితాంతం తలచుకుంటాడు. ఆ ఒక్క లాభం చాలదా!

ఆలస్యం చేయడానికి మాత్రం వీలులేదు. మంచు మన సౌకర్యం కోసం వేచి ఉండదు. 2025 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదాపడ్డాయి. ఔలీకి మరో రకం కష్టం వచ్చింది. 2023 జనవరిలో జోషీమఠ్ పట్టణంలో నేల కుంగినప్పుడు ఆ పట్టణాన్ని ఔలీతో కలిపే రోప్‌వేను ఆపివేశారు. కాబట్టి తరగతిలో చేరదలచినవారు తేదీలతోబాటు మంచు సంగతి, దారి సంగతి కూడా ఆయా సంస్థలనే అడిగి తెలుసుకోవాలి.

ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఒక చిక్కు ఉంది. స్కీయింగ్ తరగతులు సాగేది జనవరి నుంచి మార్చి వరకు. మీ ప్రయోగ పరీక్షలు, పబ్లిక్ పరీక్షలు ముంచుకువచ్చేవి కూడా ఆ నెలల్లోనే. పరీక్ష ఎగగొట్టి కొండ ఎక్కమని ఏ అధ్యాపకుడూ చెప్పడు. డిగ్రీలో చేరిన తరువాత మొదటి చలికాలాన్ని దీనికి కేటాయించుకోండి. దరఖాస్తుతోబాటు వైద్యుని ధ్రువపత్రం అడుగుతారు. దానికంటే ముందు తొడలకు, మోకాళ్లకు బలం ఉండాలి. దానికి మంచు అవసరం లేదు. రెండు నెలలపాటు లిఫ్టు మాని మెట్లెక్కితే సగం పని అవుతుంది. తక్కిన సగానికి, చిన్నప్పుడు బడిలో శిక్షగా తీయించిన గుంజీలున్నాయి.