తుపాకి ఉన్న ఇంటికి దొంగ రాడా?

గత నెలలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసి మసీదు మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఓ కుర్రవాడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మా పాత మిత్రుని కొడుకు. భద్రాచలం చుట్టుపక్కల ఏజెన్సీ సంతల్లో బట్టలు అమ్ముకుంటాడు. ఎడమ చేతికి కట్టు ఉంది. సలాం చేసి, అటూ ఇటూ చూసి, మెల్లగా అడిగాడు: "చాచా, తుపాకి లైసెన్సు కావాలంటే ఎవరిని కలవాలి?"

జరిగింది తర్వాత చెప్పాడు. సంత ముగించుకుని పొద్దుగూకే వేళ మోటారు సైకిలు మీద వస్తుంటే అడవి మలుపులో దారికి అడ్డంగా కొమ్మ పడి ఉందట. దిగి దాన్ని లాగబోతే చెట్ల చాటు నుంచి ఇద్దరు వచ్చారు. ఒకడి చేతిలో కత్తి, మరొకడి చేతిలో నాటు తుపాకి లాంటిదేదో. ఆనాటి అమ్మకం డబ్బు, నాలుగు ఊళ్ళలో వసూలు చేసిన పాత బాకీలు ఉన్న సంచి తీసుకుని అడవిలోకి పోయారు. పెనుగులాటలో చేయి తెగింది. "నా దగ్గరా ఒకటి ఉండి ఉంటేనా..." అని పళ్ళు కొరికాడు.

ఆ కుర్రవాడి కోపాన్ని నేను తప్పుపట్టలేను. దోపిడీ దొంగల చేతుల్లోకి తుపాకులు వచ్చిన మాట నిజమే. 2025 జనవరిలో బీదర్‌లో ఏటీఎంలో పెట్టబోయే డబ్బును పట్టపగలు కాల్పులు జరిపి ఎత్తుకుపోయిన దుండగులు, అదే రోజు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ట్రావెల్స్ కార్యాలయం దగ్గర మళ్ళీ కాల్చారు. పట్నంలోనే ఇలా ఉంటే, చీకటి పడితే బస్సు కూడా దొరకని అడవి అంచు ఊళ్ళలో చిన్న వ్యాపారి ఏం కావాలి? ఈ ప్రశ్న మన ఇళ్ళలో భోజనాల దగ్గర వినబడుతూనే ఉంది. అందుకే ఆనాడు మెట్ల దగ్గర సగం చెప్పి వదిలేసిన జవాబును ఇక్కడ పూర్తిగా చెప్పాలనుకుంటున్నాను.

మొదట చట్టం సంగతి. దోపిడీ దొంగను ఎదిరించే హక్కు మనకు లేదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 1860 నాటి శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లు ఈ హక్కు గురించే. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో అవే 34 నుంచి 44 వరకు వచ్చాయి. తన ప్రాణాన్నీ సొత్తునీ మాత్రమే కాదు, పొరుగువాడి ప్రాణాన్నీ సొత్తునీ కాపాడే హక్కు కూడా మనకుంది. దోపిడీ జరుగుతున్నప్పుడు, పొద్దుగూకిన తర్వాత ఇంటికి కన్నం వేసినప్పుడు, నివాసానికి నిప్పు పెట్టినప్పుడు ఎదిరించేవాడి చేతిలో దుండగుడి ప్రాణం పోయినా 41వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ప్రాణభయంలో ఉన్నవాడు తన దెబ్బను త్రాసులో తూచి కొట్టాలని ఎవరూ ఆశించరాదని, పిరికివాడిలా పారిపోవలసిన పని లేదని సుప్రీంకోర్టు 2010లో దర్శన్‌సింగ్ కేసులో స్పష్టం చేసింది.

అయితే ఈ హక్కుకు హద్దు ఉంది. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఈ హక్కు ఉండదు. రక్షణకు ఎంత అవసరమో అంతకు మించి హాని చేయరాదు. దోపిడీ విషయంలో ఆ క్షణాన ప్రాణానికో దేహానికో భయం ఉన్నంత వరకే ఇది నిలుస్తుంది. మన కుర్రవాడి ఉదంతమే తీసుకోండి. దొంగలు సంచి తీసుకుని వెనుదిరిగారు. అప్పుడు అతను జేబులోంచి పిస్తోలు తీసి వాళ్ళ వీపు మీద కాల్చి ఉంటే? దోపిడీకి గురైనవాడు హత్య కేసులో ముద్దాయి అయ్యేవాడు. ఆత్మరక్షణ కోసమే కాల్చానని కోర్టుకు చూపించుకోవలసిన బాధ్యత కూడా అతనిదే. సంచిలో పోయిన సొమ్ముకు ఎన్ని రెట్లు వకీలు ఫీజుకు పోయేదో లెక్క వేయండి.

సరే, వాళ్ళు ఎదురుగా ఉన్నప్పుడే కాల్చి ఉండవచ్చు కదా అంటారు. ఎలా? అతని రెండు చేతులూ కొమ్మ మీద ఉన్నాయి. చోటు ఎంచుకున్నది దొంగ, వేళ ఎంచుకున్నదీ దొంగే. అతను వచ్చేటప్పటికే ఆయుధం చేతిలో ఉంది, మనసు సిద్ధంగా ఉంది. మనవాడి ఆయుధం సంచిలోనో నడుముకో ఉంటుంది, మనసు ఇంటి మీద ఉంటుంది. ఆ రెండు మూడు క్షణాల్లో తుపాకి తీయబోయిన చేతిని చూసి అవతలివాడు ఊరుకుంటాడా? కట్టు కట్టుకున్న చేయి మానుతుంది. ఆ రోజు అతని దగ్గర పిస్తోలు ఉండి ఉంటే నేను అతనితో మసీదు మెట్ల దగ్గర మాట్లాడి ఉండేవాడినో, జనాజా నమాజులో నిలబడి ఉండేవాడినో.

లైసెన్సు ఇచ్చేది జిల్లా కలెక్టరు. పోలీసుల విచారణ ఉంటుంది. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం శిక్షణ పొందాలి, ఆయుధాన్ని భద్రంగా దాచాలి. ఎన్నికలు వస్తే చాలా సందర్భాల్లో స్టేషన్లో అప్పగించాలి. తీవ్రవాదుల కదలికలు ఎక్కువగా ఉన్న ప్రాంతంలో నివసించడం కూడా దరఖాస్తుకు ఒక కారణంగా ఆ నిబంధనల్లో ఉంది కనుక మన ప్రాంతం వారికి దారి మూసుకుపోలేదు. ఇక లైసెన్సు లేకుండా నాటు తుపాకి కొనుక్కోవాలనుకునే వారికి ఒక్క మాట చాలు. 2019లో ఆయుధ చట్టాన్ని సవరించిన తర్వాత దానికి కనీసం రెండేళ్ళు, గరిష్ఠంగా ఐదేళ్ళ జైలు.

చట్టం కన్నా పెద్ద పాఠం మన ఈ నేలలోనే ఉంది. తుపాకి ఉన్న ఇంటికి దొంగ రాడని పట్నవాసులు అనుకోవచ్చు. గోదావరి ఒడ్డున పెరిగినవారు అలా అనుకోలేరు. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో గాని, ఆ తర్వాత నక్సలైటు దళాలు వచ్చిన కాలంలో గాని, ఊరి దొర ఇంట్లో లైసెన్సు తుపాకి ఉందంటే అర్ధరాత్రి ముందుగా తట్టిన తలుపు ఆ ఇంటిదే. వచ్చినవారికి బీరువాలో డబ్బు కన్నా గోడకు వేలాడే తుపాకి మీదే కన్ను. అంతెందుకు, 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీదికి వెళ్ళింది కూడా తుపాకుల కోసమే. పోలీసు స్టేషనే కాపాడుకోలేని వస్తువును ఒక బట్టల వ్యాపారి ఇంట్లో భార్యాపిల్లలు కాపాడగలరా?

పౌరుల చేతికి తుపాకి ఇచ్చి మిమ్మల్ని మీరే కాపాడుకోండి అని చెప్పిన ప్రయోగం కూడా మన కళ్ళ ముందే జరిగింది. భద్రాచలం నుంచి చింతూరు మీదుగా కుంట వెళ్ళే రహదారి దాటితే ఛత్తీస్‌గఢ్. అక్కడ 2005 జూన్‌లో సల్వాజుడుం మొదలైంది. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా చేర్చుకుని, రెండు నెలల శిక్షణతో తుపాకులిచ్చారు. ఐదో తరగతి చదివిన వారు కూడా వారిలో ఉన్నారు. నెలకు మూడు వేల రూపాయల గౌరవ వేతనం. ఫలితం ఏమిటి? 2006 జూలైలో ఎర్రబోరు శిబిరం మీద మావోయిస్టులు దాడి చేస్తే ముప్పయి మందికి పైగా చనిపోయారు. 2007 మార్చిలో రాణిబోద్లి పోలీసు శిబిరంలో 55 మంది హతమయ్యారు. వారిలో ఎక్కువ మంది ఈ ప్రత్యేక పోలీసులే. మరోవైపు ఊళ్ళు తగలబెట్టారని, లూటీలు చేశారని సల్వాజుడుం మీదే ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఇద్దరి మధ్య నలిగిన వేలాది గుత్తికోయలు ప్రాణాలు అరచేత పట్టుకుని అడవి దాటి చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం వైపు వచ్చారు. వాళ్ళ గుడిసెలు మన వ్యాపారులు సంతలకు వెళ్ళే దారిలోనే ఉన్నాయి.

2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఈ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పి, ఇచ్చిన తుపాకులన్నీ వెనక్కు తీసుకోవాలని ఆదేశించారు. తుపాకి పట్టిన పౌరుడు దాన్ని దించిన తర్వాత కూడా శత్రువుకు గుర్తుండిపోతాడన్న చిక్కు ఈ కథలో అందరికన్నా ఎక్కువ బాధించేది. ఇవ్వడం సులువు, తిరిగి తీసుకోవడం సులువు కాదు.

మన ముస్లింలకు ఈ పాఠం అంతకు ముందే ఒకసారి నేర్పబడింది. చెప్పడానికి మనసు ఒప్పదు గాని దాచి ప్రయోజనం లేదు. 1947-48లో ఖమ్మం అప్పటి వరంగల్ జిల్లాలో భాగం. నది అవతలి భద్రాచలం నిజాం రాజ్యంలో లేదు, మద్రాసు కింద ఉండేది. ఆ రోజుల్లో ఖాసిం రజ్వీ నాయకత్వాన రజాకార్లు బయలుదేరింది కూడా రక్షణ పేరుతోనే. ఆ తుపాకులు ఎవరిని కాపాడాయి? ఊళ్ళు దోచాయి. ఆ ధోరణిని విమర్శించిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాదులో చంపేశారు. ఆయనా ముస్లిమే. సెప్టెంబరులో పోలీసు చర్య ముగిసిన తర్వాత వెల చెల్లించింది ఎవరు? ఏ తుపాకీ ముట్టని రైతులు, నేతగాళ్ళు, వారి ఇల్లాళ్ళు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. అదే కమిటీ మరొక సంగతి కూడా రాసింది. కొన్నిచోట్ల హిందూ పొరుగువారు ప్రాణాలకు తెగించి ముస్లిం కుటుంబాలను కాపాడారు, హిందూ నేతగాళ్ళు ముస్లిం నేతగాళ్ళకు అడ్డు నిలిచారు. ఆ రోజు మనవారిని కాపాడింది పక్కింటి మనిషి.

అలాగని ఇస్లాం దోపిడీని తలవంచి భరించమనదు. తన సొత్తును లాక్కోవడానికి వచ్చినవాడికి దాన్ని ఇవ్వనవసరం లేదని, దాన్ని కాపాడుకునే ప్రయత్నంలో చనిపోయినవాడు షహీద్ అని దైవప్రవక్త (స) బోధించారు. దారిదోపిడీ ఎంత ఘోరమైన నేరమో దివ్యఖుర్‌ఆన్‌లోని మాయిదా సూరా చెబుతుంది. కాని ఉలమాలు దీనికి ఒక మెట్ల వరుస చెప్పారు. కేకతో పోయేవాడిని కొట్టరాదు. కర్రతో ఆగేవాడి మీద కత్తి ఎత్తరాదు. అంతేకాదు, బాణాలతో మసీదుకో బజారుకో వచ్చేవాడు వాటి మొనలు చేత్తో పట్టుకుని నడవాలని, తోటి ముస్లిం వైపు పరిహాసానికైనా ఆయుధం చూపరాదని ప్రవక్త (స) హెచ్చరించారు. నేటి న్యాయసంహిత 37వ సెక్షన్‌లో ఉన్నదీ, ఫిఖహ్ గ్రంథాలు చెప్పేదీ దాదాపు ఒకటే. ఈ సంగతి మన యువకుల్లో ఎంతమందికి తెలుసు?

ఎదిరించాలంటే తుపాకి తప్పనిసరి కాదనడానికి దూరం వెళ్ళక్కర్లేదు. 2024 మార్చిలో హైదరాబాద్ బేగంపేట, రసూల్‌పురా ప్రాంతంలో కొరియర్ వాళ్ళమంటూ ఇద్దరు ఒక ఇంట్లో జొరబడ్డారు. ఒకడి దగ్గర నాటు పిస్తోలు, మరొకడి దగ్గర కత్తి. ఇంట్లో ఉన్నది తల్లీ కూతుళ్ళు. కేకలు వేస్తూ కలబడి తరిమారు. దొంగలిద్దరూ చివరికి పోలీసులకు చిక్కారు. అందరూ అలా కలబడాలని నేను చెప్పను. పిస్తోలు పేలి ఉంటే కథ వేరుగా ఉండేది. కాని ఆ ఇద్దరు ఆడవాళ్ళ చేతిలో ఏముంది? గొంతు ఉంది, ఇరుగుపొరుగు ఉన్నారు.

ఇక ఇంటింటా తుపాకి ఉన్న దేశం సంగతి. 1992 అక్టోబరులో అమెరికాలో బాటన్ రూజ్ అనే ఊళ్ళో, పార్టీకని బయలుదేరి పొరపాటున వేరే ఇంటి తలుపు తట్టిన పదహారేళ్ళ జపాను విద్యార్థిని ఆ ఇంటి యజమాని దొంగ అనుకుని కాల్చి చంపాడు. 2024 నవంబరులో షికాగో దగ్గర పెట్రోలు బంకులో దుండగుల తూటాలకు బలైన యువకుడు మన ఖమ్మం జిల్లావాడే. అంతమంది దగ్గర తుపాకులున్నా దొంగలు మానలేదు, తుపాకులు పట్టుకుని వస్తున్నారు.

దీని అర్థం ప్రభుత్వం చేతులు దులుపుకోవచ్చని కాదు. 2025లో మావోయిస్టు పార్టీ నాయకులు కొందరు మరణించారు, కొందరు లొంగిపోయారు. వాళ్ళ ఆయుధాలన్నీ లెక్కకు వచ్చాయా, అడవిలో మిగిలినవి ఎవరి చేతిలో పడతాయి అన్నది అడగవలసిన ప్రశ్న. సంత జరిగే రోజు సాయంత్రం అడవి దారుల్లో పోలీసు గస్తీ కావాలని పంచాయతీలు, వర్తక సంఘాలు కలిసి కోరాలి. లక్షలు మోసే బ్యాంకు బండికి శిక్షణ పొందిన సాయుధ కాపలా ఉండవలసిందే. దానికి నేను వ్యతిరేకిని కాను. చిన్న వ్యాపారి మాత్రం ఒంటరి ప్రయాణం మానాలి, నలుగురు కలిసి ఒకే ఆటోలో రావాలి, ఫోను ద్వారా తీసుకోగల డబ్బును చేతిలోకి తీసుకోకూడదు. సంచి అడిగితే ఇచ్చేయాలి. ఇంటికి వచ్చే మనిషి సంచి కన్నా విలువైనవాడు.

ఇదంతా చెప్పాక ఆ కుర్రవాడిని అడిగాను, "కేసు పెట్టావా?" అని. తల దించుకున్నాడు. పెట్టలేదట. స్టేషనుకు వెళితే డబ్బు లెక్కలు అడుగుతారని, సంతలకు తిరగడం కష్టమవుతుందని భయం. తుపాకి కోసం కలెక్టరు ఆఫీసు చుట్టూ తిరగడానికి సిద్ధపడ్డవాడు ఒక్క కాగితం రాయడానికి జంకాడు. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవలసిందేనని, నేనూ వస్తానని చెప్పాను. సోమవారం పొద్దున పదింటికి కలుద్దామన్నాను. వాళ్ళ అమ్మను కూడా వెంటబెట్టుకు రమ్మన్నాను. ఆమె కుదువ పెట్టిన గాజుల రసీదు కూడా ఆ సంచిలోనే పోయిందట.