అశ్వగంధకు అరువు పేరేల?

పెన్నేరుగడ్డగా మన ప్రాచీన వైద్యం ఎరిగిన అశ్వగంధను ‘భారతీయ జిన్సెంగ్’ అని ప్రచారం చేయడం పరిపాటి అయింది. రసాయనశాస్త్రం ఈ పోలికను సమర్థించదు. జిన్సెంగ్ చల్లని ప్రాంతాల నీడలో పెరిగే అరాలియేసి కుటుంబపు మొక్క. అందలి క్రియాశీల పదార్థాలైన జిన్సెనోసైడ్లు ట్రైటెర్పీన్ సపోనిన్లు. అశ్వగంధ వంగ కుటుంబానికి చెందినది. దాని విథనోలైడ్లు స్టీరాయిడల్ లాక్టోన్లు. కనుక ఒకదానిపై వెలువడిన పరిశోధన ఫలితాలను మరొకదానికి ఆపాదించరాదు.

అశ్వగంధ వేరు ఒత్తిడిని, నిద్రలేమిని కొంత తగ్గించగలదని చిన్న క్లినికల్ పరీక్షలు సూచించాయి. అయితే అరుదుగా కాలేయానికి హాని కలిగిన ఉదంతాలూ నమోదయ్యాయి. గర్భిణులు దీనిని వాడరాదు. థైరాయిడ్ రోగులు వైద్యుని సలహా పొందాలి. విథాఫెరిన్-ఎ అధికంగా గల ఆకును వేరు పొడిలో కల్తీ చేయడం మరొక సమస్య. ఆకును వాడవద్దని ఆయుష్ మంత్రిత్వశాఖ 2021లో ఉత్పత్తిదారులకు సూచించింది.

రాజాం పరిసరాల మెట్ట రైతులకు ఈ పంటను సిఫారసు చేసే ముందు విస్తరణ శాస్త్రవేత్తలు రెండు అంశాలు పరిశీలించాలి. మొదటిది, నీరు నిలవని తేలిక నేల. తుఫాను వర్షాలకు నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. రెండవది, విథనోలైడ్ల శాతం పరీక్షించి ధర నిర్ణయించే కొనుగోలుదారు. ఈ రెండూ లేనిచోట కేవలం పేరు చూపి పంట వేయించడం రైతు పెట్టుబడిని పణంగా పెట్టడమే అవుతుంది.