అద్దం ముందున్న ఆమె ఎవరు?

పహాడీ సూక్ష్మచిత్రమొకటి చూసి, "అలంకరించుకొంటున్న ఆడదాన్ని చాటుగా చూడటమూ ఒక కళేనా?" అని మిత్రుడొకరు ఈసడించారు. నేనంగీకరించను. అక్కడున్నది ఫలానా స్త్రీ కాదు, ఒక అవస్థ. భరతుడు చెప్పిన అష్టవిధ నాయికలలో వాసకసజ్జిక ప్రియుని రాకకై తననూ, పడకటింటినీ సింగారించి ఎదురుచూస్తుంది. అద్దమూ, కాటుకా ఆ నిరీక్షణకు గుర్తులు. నాయికాభేదాలను వివరించే భానుదత్తుని రసమంజరికి 1695లో బసోహ్లీలో దేవీదాసు బొమ్మలు గీశాడు. చిత్రకారునికి అలంకారశాస్త్రం తెలుసు. చూసే మనకే తెలియదు.

అయినా మిత్రుణ్ణి తప్పుపట్టలేను. నాయికల ప్రస్తావన వచ్చినప్పుడల్లా "ఇది పరీక్షకు రాదర్రా" అంటూ పుట తిప్పేసిన పంతుళ్ళలో నేనూ ఒకణ్ణి. మేము పాఠం దాటవేసిన చోటే మీకు బూతు కనబడుతోంది.