యాభై వేలు పెడితేనే కాఫీయా?

“పన్నెండు వేల ఎస్ప్రెస్సో మిషన్ కొనడమంటే ఆ డబ్బు తీసుకెళ్ళి దోముహాని దగ్గర సువర్ణరేఖలో పారేయడమే. కొంటే యాభై వేలు పెట్టి సరైనది కొను, లేకపోతే ఇంట్లో ఉన్న ఫిల్టర్‌తో సరిపెట్టుకో.” కాఫీ మాటెత్తితే చాలు, ఈ తీర్పు చేతిలో పెట్టేస్తున్నారు. బెంగళూరులోనో పుణేలోనో ఉద్యోగాలు చేసుకుంటూ సెలవులకు జంషెడ్‌పూర్ సోనారి వచ్చిన పిల్లలు ఈ మాట అంటారు. వాళ్ళ దగ్గర విన్నవాళ్ళు బిష్టుపూర్ కెఫేలో కూర్చుని అదే అంటారు. పదేళ్ళ క్రితం ఎస్ప్రెస్సో అంటే పెళ్ళిళ్ళలో స్టాల్ పెట్టి బుస్సుమంటూ నురగ తెప్పించే కాఫీ అనుకున్నవాళ్ళు కూడా ఇప్పుడు బార్లు, డిగ్రీలు లెక్క చెబుతున్నారు.

అనుభవజ్ఞుల సలహాలా వినిపిస్తుంది గానీ, ఇందులో అనుభవం తక్కువ, అరువు తెచ్చుకున్న దర్జా ఎక్కువ.

వాళ్ళ వాదన ఇది. అసలైన ఎస్ప్రెస్సోకి 9 బార్ల ఒత్తిడి, 93 డిగ్రీలకు అటూ ఇటూగా నిలకడగా ఉండే నీళ్ళు, పాతిక ముప్పై సెకన్లలో దిగే ధార కావాలి. చౌక మిషన్ వీటిని నిలబెట్టలేదు, కాబట్టి అది ఇచ్చేది ఎస్ప్రెస్సో కాదు, కాబట్టి దండగ. ఈ ‘అసలైన’ అన్నది ఎప్పటిది? మిలాన్ వాసి లుయీజీ బెజ్జెరా కప్పు కప్పుకీ అప్పటికప్పుడు కాఫీ దించే మిషన్‌కి పేటెంట్ తీసుకున్నది 1901లో. దేసిదేరియో పవోనీ 1905 నుంచి వాటిని తయారుచేసి అమ్మాడు. అవి ఆవిరి ఒత్తిడితో నడిచేవి. ఆ ఒత్తిడి ఒకటిన్నర, మహా అయితే రెండు బార్లు. పైన తేలే ఆ బంగారు రంగు నురగ, ఇప్పుడు అందరూ క్రెమా అంటున్నది, అకిల్లె గాజియా లీవర్ మిషన్లు 1948లో బజారుకొచ్చాకే మొదలైంది. కరెంటు పంపుతో 9 బార్లు నిలకడగా ఇచ్చిన ఫాయేమా ఇ61 వచ్చింది 1961లో. అంటే మనవాళ్ళ కొలతతో కొలిస్తే ఇటలీవాళ్ళు, గాజియా వచ్చేదాకా లెక్కేసుకున్నా, నలభై ఏళ్ళకు పైగా కౌంటర్ల ముందు నిలబడి ఎస్ప్రెస్సో కానిదాన్ని ఎస్ప్రెస్సో అని తాగారన్నమాట. పాపం, వాళ్ళకి చెప్పేవాళ్ళు లేకపోయారు.

అలాగని చౌకవన్నీ ఒక్కటే అనను. మూడు నాలుగు వేలకు దొరికేవి కొన్ని ఉన్నాయి. వాటికి పంపు ఉండదు. పైన మూత బిగించి లోపల నీళ్ళు మరిగిస్తే, ఆ ఆవిరే నీళ్ళను పొడిలోంచి తోస్తుంది. బెజ్జెరా వంశమే గానీ, మరుగుతున్న నీళ్ళు, చివర్లో ఉత్త ఆవిరి పొడిమీద పడి చేదు మాడు వాసన తెస్తాయి. అది కొనేబదులు వెయ్యి రెండు వేలలో ఒక మోకా పాట్ కొనుక్కుంటే స్టౌ మీద ఇంతకన్నా మంచి కాఫీ వస్తుంది. నేను వకాల్తా పుచ్చుకున్నది దాని పై మెట్టుకి, పంపు ఉండి పది నుంచి పదిహేను వేల మధ్య దొరికేవాటికి.

ఈ మెట్టు మిషన్ల డబ్బా మీద 15 బార్లు అని ఉంటుంది, కొన్నిటి మీద 20 అని. ఖరీదైన మిషన్ల మోజున్నవాళ్ళు దీన్ని చూసి నవ్వుతారు. నవ్వదగ్గదే. ఆ అంకె ధార పూర్తిగా ఆగిపోయినప్పుడు పంపు తేగల గరిష్ఠ ఒత్తిడి, కప్పులోకి దిగే కాఫీతో దానికి పనిలేదు. కానీ వాళ్ళు చెప్పని సంగతి ఒకటుంది. ఇటలీలో ఉల్కా పేరుతో తయారయ్యే చిన్న వైబ్రేషన్ పంపు ఎన్నో చౌక మిషన్లలో ఉంటుంది. అదే కుటుంబానికి చెందిన పంపే ఖరీదైన గాజియా క్లాసిక్‌లోనూ, రాంచీలియో సిల్వియాలోనూ ఉంటుంది (మన రాంచీకీ దీనికీ చుట్టరికం లేదు). మరి ఎక్కువ డబ్బు దేనికి పోతోంది? నీళ్ళను పొడిమీదకి దించే బరువైన ఇత్తడి గ్రూప్‌కి, పెద్ద బాయిలర్‌కి, పొడి పోసే 58 మిల్లీమీటర్ల బుట్టకి, కాఫీ దిగగానే మిగిలిన ఒత్తిడిని పక్కకి వదిలేసే వాల్వ్‌కి, పాలను క్షణాల్లో నురగెత్తించే ఆవిరికి. ఇవన్నీ మంచివే, కాదనను. పాలు, పంచదార లేకుండా, లేత వేపుడు గింజలతో ఒట్టి షాట్ తాగేవాడికి నీళ్ళ వేడి రెండు డిగ్రీలు తప్పినా నాలుకకు పులుపు తగులుతుంది. అతను యాభై వేలు పెట్టనీ, నాకేం అభ్యంతరం లేదు.

మన ఇళ్ళలో అలా తాగేవాళ్ళు ఎందరు? 1912లో ఇక్కడ తొలి ఉక్కు దిమ్మ పోసిన కాలం నుంచీ శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి కొలువులకొచ్చి స్థిరపడ్డ కుటుంబాలు మనవి. చాయ్ ఊరి మధ్యలో కాఫీ నిలబెట్టుకున్నది తెలుగువాళ్ళు, తమిళులు, మలయాళీలు. నిలబెట్టుకున్నది పాల కాఫీని. ముదురు వేపుడు పొడి, చిక్కటి పాలు, చెంచాడు పంచదార. అలాంటి కప్పులో నూట ఇరవై మిల్లీలీటర్ల పాల కింద ఆ రెండు డిగ్రీల తేడా ఏమైపోతుందో కనిపెట్టగలిగిన నాలుక ఈ కాలనీలో ఉందంటే నేను నమ్మను. తాగేది ఒకటి, కొలిచేది ఇంకొకదాని కొలతతో.

ఇక బుట్ట సంగతి. పొడి పోసే ఆ చిన్న లోహపు గిన్నెని చౌక మిషన్‌లోంచి తీసి వెలుతురుకి ఎత్తి చూడండి. లోపలివైపు వందల చిల్లులు కనిపిస్తాయి, తిప్పి అడుగు చూస్తే సూదిమొన అంత చిల్లు ఒక్కటే. రెండు పొరలున్న బుట్ట అది. ఒత్తిడి పుట్టించేది పొడి కాదు, ఆ చిల్లు. అందులోంచి చిమ్మి వచ్చే నురగ గింజలోని నూనె, కార్బన్ డయాక్సైడ్ కలిసి కట్టిన క్రెమా కాదు, చాలామట్టుకు గాలి. అందుకని దాన్ని మోసం అంటారు. నేను అనను. బజారులో దొరికే పొడి ఎంత మెత్తగా ఉందో, ఎన్నాళ్ళ క్రితం ఆడించారో కొన్నవాడికి తెలియదు. ఆ పొడితో మామూలు బుట్టలో కాఫీ దించబోతే అయిదారు సెకన్లలో నీళ్ళ కాఫీ దబదబా పడిపోతుంది. రెండు పొరల బుట్ట దాన్నైనా తాగేలా చేస్తుంది. పొద్దున్నే షిఫ్టుకి పరిగెత్తేవాడికి అది మోసమెలా అవుతుంది? సొంతంగా గింజలు విసురుకోవడం మొదలెట్టిన రోజున కొన్ని వందలు పెట్టి ఒకే పొర బుట్ట తెచ్చుకుంటే, అదే మిషన్ అసలు పని చేయడం మొదలెడుతుంది. చాలా చౌక మిషన్ల బుట్ట 51 మిల్లీమీటర్లది, కాబట్టి ఆ కొలతకు విడి బుట్టలు దొరుకుతున్నాయి. కొనేముందు అడగాల్సింది దీనికి ఒకే పొర బుట్ట దొరుకుతుందా అని. బార్లెన్ని అని కాదు.

విసరడం అన్నాను గదా, అసలు కథంతా అక్కడుంది. చౌక మిషన్లు ఆరు నెలల్లో అటకెక్కుతున్నమాట నిజమే. అటకెక్కించినవాళ్ళని అడగండి, గింజలు దేంతో పొడి చేశారని. మిక్సీ అంటారు. మిక్సీలో తిప్పిన కాఫీ గింజల్ని ఒక తెల్ల కాగితం మీద పలచగా పరిచి వేలితో రాసి చూడండి. గంధంలా వేలికి అంటుకునేది కొంత, ఇడ్లీ రవ్వలాంటిది కొంత, మధ్యమధ్య విరిగిన పలుకులు. వేడినీళ్ళు ఒత్తిడితో వచ్చి రవ్వ ఉన్నచోట దారి చేసుకుని పారిపోతాయి, గంధం ఉన్నచోట ఇరుక్కుని చేదు లాగుతాయి. పులుపూ చేదూ ఒకే కప్పులో. ఈ పొడి రెండు లక్షల మిషన్‌లో పోసినా అంతే. అదే పన్నెండు వేల మిషన్ పక్కన ఆరేడు వేల మంచి చేతి గ్రైండర్ పెట్టండి, ఎస్ప్రెస్సోకి తగినంత మెత్తగా, సమంగా విసిరేది. యాభై వేల మిషన్, మిక్సీ పొడి కలిసి ఇవ్వలేని కాఫీని అవి ఇస్తాయి. “మిషన్ బాగోలేదు” అనే ప్రతివాణ్ణీ ముందు పొడి చూపించమనాలి.

చౌక మిషన్‌కి నిజంగా ఉన్న లోపం చలి. పిడి పట్టుకుని బిగించే ఆ పోర్టాఫిల్టర్ చల్లగా ఉంటే, చిన్న హీటర్ ఇచ్చిన వేడిని అదే తాగేస్తుంది. దీనికి మందు ఉచితం. పొడి వేయకుండా ఒట్టి బుట్ట బిగించి, ఒక కప్పు వేడినీళ్ళు దాంట్లోంచి కిందికి వదలండి. కప్పు కూడా వేడెక్కుతుంది. తర్వాత తుడిచి, పదిహేను పదహారు గ్రాముల పొడి వేసి, సమంగా అదిమి, ముప్పై గ్రాముల కాఫీ దిగేదాకా తూకం మీద చూసుకోండి. ముందు పాలు కాచి తర్వాత కాఫీ దించేట్టయితే మధ్యలో కాసిన్ని నీళ్ళు వదిలెయ్యాలి, లేకపోతే ఆవిరి కోసం కాగిన నీళ్ళు పొడిని మాడుస్తాయి. ఇంకో మాట, చికోరీ కలిసిన ఫిల్టర్ పొడి ఇందులో పోయకండి. తడిస్తే జిగటకట్టి ధారని ఆపేస్తుంది. ఆ పొడికి దాని ఫిల్టర్ ఉంది.

అవతలి పక్షం తప్పులెంచాను గదా, మిషన్ అమ్మేవాళ్ళ లెక్క కూడా చూద్దాం. కెఫేలో కప్పు రెండొందలు, రోజుకి రెండు కప్పులు, నెలకి పన్నెండు వేలు, కాబట్టి రెండు నెలల్లో మిషన్, గ్రైండర్ రెండింటి ఖర్చూ తిరిగొచ్చేస్తుందట. సోనారి నుంచి బిష్టుపూర్ వెళ్ళి రోజూ రెండు కెఫే కప్పులు తాగే మనిషిని చూపించండి, దండం పెడతాను. వారానికి ఒకసారి వెళ్తే ఎక్కువ, అది నెలకి ఎనిమిది వందలు. మిషన్ ఇంటికొచ్చాక మాత్రం రోజూ రెండు కప్పులు నిజంగానే తాగుతారు. కప్పుకి పదహారు గ్రాముల చొప్పున నెలకి దాదాపు కిలో గింజలు. తాజాగా వేపినవి కిలో సుమారు రెండు వేలు. పాలు అదనం. ఏడాదికి గింజలకే దాదాపు ఇరవై నాలుగు వేలు, అంటే మిషన్, గ్రైండర్ కలిపినదానికన్నా ఎక్కువ. ఫిల్టర్ పొడితో గ్లాసుకి ఏడెనిమిది రూపాయల్లో పోయేది కప్పుకి ముప్పై దాటుతుంది. పొదుపు కోసం కొనేవాడు కొనకపోవడమే పొదుపు. యాభై వేల మిషనా పన్నెండు వేలదా అని నెలల తరబడి కొట్టుకునేవాళ్ళెవరూ ఈ నెలసరి ఖర్చు మాటెత్తరేం?

గింజలు బయటివి అక్కర్లేదు. భారతీయ కాఫీని అందరికన్నా ఎక్కువ కొనే దేశం ఇటలీ. మన రోబస్టా వాళ్ళ ఎస్ప్రెస్సో మిశ్రమాల్లో నురగకీ చిక్కదనానికీ పడుతుంది. అరకు లోయ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని ఆనుకునే ఒడిశాలో కొరాపుట్ తోటలున్నాయి. జంషెడ్‌పూర్‌కి చిక్కమగళూరు కంటే ఇవే దగ్గర. వేపిన తేదీ ప్యాకెట్ మీద ఉందా లేదా అన్నది చూడండి. తేదీ లేని ప్యాకెట్ ఎంత అందంగా ఉన్నా వద్దు, ముఖ్యంగా నలభై దాటే మే నెలలో కొరియర్ వ్యాన్‌లో మగ్గి వచ్చేవి.

అయితే కొనొద్దని ఎవరికి చెబుతాను? పొద్దున్న ఆరింటి ‘ఎ’ షిఫ్టుకి ఒకరు, బడికి ఇద్దరు, పూజ ముగించుకుని ఒకరు, నలుగురికీ ఒక్కసారే గ్లాసులు అందాల్సిన ఇంటికి. చిన్న మిషన్ ఆవిరి గొట్టం ఒక కప్పు పాలు నురగెత్తించడానికే నిమిషం తీసుకుంటుంది. నాలుగో గ్లాసు వచ్చేసరికి మొదటి మనిషి గేటు దాటిపోతాడు. రాత్రే డికాక్షన్ వేసి పెట్టుకున్న స్టీలు ఫిల్టర్‌ని ఆ పనిలో ఏ మిషనూ కొట్టలేదు, యాభై వేలదైనా సరే. రాత్రి ‘సి’ షిఫ్టు దిగి పొద్దున్న ఏడింటికి ఇల్లు చేరి, అందరూ వెళ్ళిపోయాక ఒక్క కప్పు తనకోసం చేసుకునే మనిషికి మాత్రం పన్నెండు వేలది చాలు. పిల్లలు వేరే ఊళ్ళలో ఉండి ఇద్దరే మిగిలిన ఇంటికీ చాలు.

చివరిగా వాళ్ళు విసిరే అస్త్రం, చౌకది రెండేళ్ళలో పాడైపోతుందని. మొదట పోయేవి సాధారణంగా రబ్బరు వాషర్, సున్నం పట్టిన గొట్టాలు, పంపు. సున్నానికి రెండు మూడు నెలలకోసారి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు తిప్పితే సరి. వాషర్ వంద రెండొందల వస్తువు. చాలా మిషన్లకి పంపు కొలత ఒక్కటే, మిక్సీలు బాగుచేసే కుర్రాడు సోనారి బజారులో కూర్చుని మార్చగలడు. యాభై వేల మిషన్ ఆగిపోతే దాన్ని థర్మోకోల్‌లో చుట్టి కలకత్తాకో బెంగళూరుకో పంపి, రాను పోను కొరియర్ ఖర్చు భరించి, నెల్లాళ్ళు ఫిల్టర్ కాఫీ తాగుతూ ఎదురుచూడాలి. ‘కొంటే మంచిదే కొను’ అని సలహా ఇచ్చినవాళ్ళు ఆ కొరియర్ బిల్లు తాము కడతామని మాత్రం ఎప్పుడూ అనలేదు.