కోనేటి గట్టున కూర్చున్నవాడు

యెరూషలేములో బేతెస్ద అనే కోనేరు ఉండేది. దాని అయిదు మంటపాల నిండా రోగులే. నీళ్లు కదిలినప్పుడు అందరికన్నా ముందు దిగినవాడికి ఏ జబ్బైనా నయమవుతుందని వారి నమ్మకం (యోహాను 5వ అధ్యాయం). గట్టున ఉన్నది ఎంతోమంది, బాగుపడేది ఒక్కడు. మిగిలినవారంతా ఈసారి పోతే పోయింది, వచ్చేసారి నాదే అనుకుంటూ మళ్లీ అక్కడే కూర్చునేవారు. వారిలో ఒకతను ముప్పై ఎనిమిదేళ్లుగా జబ్బుతో ఉన్నాడు. బాగుపడాలని ఉందా అని యేసుప్రభువు అతణ్ణి అడిగాడు. అతను ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు. తనను నీళ్లలో దించే మనిషి ఒక్కడూ లేడన్నాడు.

ఆ కోనేరు ఇప్పుడు మన పిల్లల అరచేతిలోకి వచ్చింది. ఆన్‌లైన్ రమ్మీ, క్రికెట్ బెట్టింగ్, రంగుల మీద పందెం... పేరేదైనా ఒకడు గెలుస్తాడు, గట్టునిండా ఓడినవాళ్లే. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాలకు జూదం కొత్త కాదు. సంక్రాంతి వస్తే కోడిపందేల బరుల పక్కన గుండాట, కోతముక్క శిబిరాలు వెలుస్తాయి. 2022 సంక్రాంతికి గుడివాడలో కాసినో నడిపారన్న ఆరోపణలు, వాటి ఖండనలు రాష్ట్రమంతటా దుమారం రేపాయి. అయితే ఆ జూదాలకు ఒక వేళ, ఒక చోటు ఉన్నాయి. పండుగ వెళ్లిపోతే బరి ఖాళీ అవుతుంది. అక్కడ కూర్చున్నవాణ్ణి ఊరు చూస్తుంది, తండ్రికి కబురు అందుతుంది. ఫోన్లో ఆటకు పండుగ లేదు, బరి లేదు, చూసేవాడూ లేడు. రొయ్యల చెరువు గట్టున రాత్రి కాపలా ఉన్న కుర్రాడు, బందరులో రోల్డుగోల్డు పనికి వెళ్లే యువకుడు, హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదివే విద్యార్థి ఎవరి దుప్పటి కింద వారు ఆడుకోవచ్చు. ఇంట్లో తెలిసేసరికి తల్లి మెడలోని గొలుసు తాకట్టులో ఉంటుంది.

మరి చట్టం ఏం చేసింది? రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని 1968లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆట నడిపేవాడు పందేల మీద లాభం తీస్తే అది నేరం కావచ్చని కూడా అదే తీర్పులో ఉంది. యాప్‌ల వ్యాపారులు మొదటి మాటను పట్టుకుని రెండోదాన్ని వదిలేశారు. 2020లో మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. ఆడినవారికి కూడా ఆరు నెలల వరకు జైలు అన్నది. అదే ఏడాది అక్టోబరులో 132 సైట్లను, యాప్‌లను అడ్డుకోవాలని కేంద్రాన్ని కోరింది. అయినా ఆట ఆగలేదు. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలిచ్చేవారికీ శిక్ష ఉంది. ఏటా 45 కోట్ల మంది దాదాపు 20 వేల కోట్ల రూపాయలు ఈ ఆటల్లో పోగొట్టుకుంటున్నారని అప్పట్లో ప్రభుత్వ వర్గాలు అంచనా వేశాయి. పేరున్న కంపెనీలు డబ్బు ఆటలను నిలిపివేసి, కోర్టు మెట్లు కూడా ఎక్కాయి. ఈ కేంద్ర చట్టంలో గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆడినవాడికి ఇందులో శిక్ష లేదు. ప్రభుత్వం అతణ్ణి బాధితుడిగా చూసింది.

ఇది మంచి చట్టమే. కానీ చట్టం దుకాణాన్ని మూయగలదు గాని దాహాన్ని తీర్చలేదు. ఒక యాప్ మూతపడితే దేశం బయటి నుంచి మరొకటి తలుపు తడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో ఉన్న తన వ్యాధుల పట్టికలో జూద వ్యసనాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసనే చేర్చింది. మొదట చిన్న గెలుపు రుచి చూపిస్తుంది. తర్వాత ఓటమి, ఆ తర్వాత పోయినదాన్ని రాబట్టుకోవాలన్న తపన. ఈ మూడో మెట్టు మీద ఉన్నవాడు కోటీశ్వరుడు కావాలని ఆడడు. ఇంట్లో తెలిసేలోగా అప్పు తీర్చేసి ఎప్పటిలా మామూలు మనిషి కావాలని ఆడతాడు. అంటే అతణ్ణి ఆటలో కట్టిపడేస్తున్నది ఆశ ఒక్కటే కాదు, దాపరికం కూడా. అందుకే అతని విడుదల మొదటి అడుగు ఒక మనిషితో నిజం చెప్పడం.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలాదిమంది కొట్టుకుపోయారు. అయినవాళ్లను, ఇంటిని, పశువులను పోగొట్టుకున్నామని చెప్పడానికి బతికినవారు ఎవరూ సిగ్గుపడలేదు. వారు చెప్పారు కనుకే దేశం నలుమూలల నుంచి చేతులు చాచి జనం వచ్చారు. ఫోన్లో వచ్చిన ఉప్పెన సంగతి వేరు. ఇందులో మునిగినవాడు మునిగానని చెప్పడు. చెబితే ఊరు నవ్వుతుందని, సంఘం వెలివేస్తుందని భయం.

ఆ భయానికి మన సంఘాలు కారణం కాకూడదు. గెలిచినవారి సాక్ష్యాలు వినడానికి మన ఆరాధనల్లో చోటుంది. ఇంకా ఓడిపోతూనే ఉన్నవాడు నోరు విప్పడానికి చోటుందా? వేదిక మీద నుంచి జూదగాళ్లను దుయ్యబట్టడం తేలిక. ఆదివారం ఆరాధన అయ్యాక చివరి బెంచీలో మిగిలిపోయిన కుర్రాడి పక్కన పది నిమిషాలు కూర్చోవడం కష్టం. అతను చెప్పిన మాట రెండో చెవికి చేరకుండా కాపాడడం ఇంకా కష్టం. ఒకరి పాపాలను ఒకరితో ఒప్పుకొని ఒకరికోసం ఒకరు ప్రార్థించాలని యాకోబు రాసింది (5:16) ఇలాంటి సంఘానికే.

కుటుంబాలు మరో విషయం గ్రహించాలి. పరువు పోతుందని తల్లిదండ్రులు పొలం అమ్మి గుట్టుగా అప్పు కట్టేస్తారు, ఏడాది తిరక్కుండానే కొత్త అప్పు పుడుతుంది. తప్పిపోయిన కుమారుడు తిరిగొచ్చినప్పుడు తండ్రి పరుగెత్తి కౌగిలించుకున్నాడు, మంచి వస్త్రం తొడిగాడు, ఉంగరం పెట్టాడు, విందు చేశాడు (లూకా 15). కానీ రెండోసారి ఆస్తి పంచి చేతికివ్వలేదు. ప్రేమకు కొదవ లేదు, డబ్బు మాత్రం ఇంటి పెద్ద దగ్గరే ఉంది. కొన్నాళ్లపాటు కొడుకు జీతం, బ్యాంకు ఖాతా, ఫోన్లోని చెల్లింపుల యాప్ అతని ఒప్పుదలతోనే మరొకరి చేతిలో ఉండాలి. అప్పులన్నీ ఒక కాగితం మీద దాచకుండా రాయించాలి. ఇది అవమానం కాదు, విరిగిన కాలికి కట్టు లాంటిది.

ప్రార్థన చేస్తున్నాం కదా, డాక్టరెందుకు అనేవారున్నారు. లూకాయే వైద్యుడు. ప్రార్థించే చేతులే ఆసుపత్రికి దారి చూపాలి. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలిమానస్‌కు 14416 నంబరులో పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇలాంటి వ్యసనాలకోసం బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. చావే దారి అనిపించిన రాత్రి తెల్లవారేదాకా ఆగకూడదు. ఆ క్షణమే ఫోన్ చేయాలి, లేదా ఇంట్లో ఒకరిని నిద్రలేపాలి. 1957లో లాస్ ఏంజెలెస్‌లో జూదానికి బానిసలైన ఇద్దరు మనుషులు ఒకరితో ఒకరు నిజాయితీగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. 'గాంబ్లర్స్ అనానిమస్' సహవాసం అలా పుట్టి ఎన్నో దేశాలకు పాకింది. దానికి పెద్ద భవనాలు అక్కర్లేకపోయాయి. ఒకరు చెప్పడం, ఒకరు వినడం సరిపోయాయి. బందరులోనో అవనిగడ్డలోనో ఒక సంఘం వారానికొక సాయంత్రం తన గది తాళం తీసి ఈ పని చేయలేదా?

బేతెస్ద దగ్గర ప్రభువు ఆ మనిషిని నీళ్లలోకి ముందుగా దించలేదు. ఒక్కడే గెలిచే ఆ పోటీ నుంచే లేపి, పరుపెత్తుకుని నడవమన్నాడు. అతను అందుకు ముందు చేసింది ఒక్కటే, తనకు ఎవరూ లేరని నిజం చెప్పాడు. ఈ వారం ఆ మాట మన ఇంట్లోనో, మన సంఘంలోనో ఎవరో ఒకరు అనబోతూ ఆగిపోవచ్చు. ఆ ఒక్క మనిషి నేనున్నానని చెప్పగలిగినవారే క్రీస్తు పని చేసినవారు.